వినపడని మందు పేరు

ప్రశ్న: హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ (డాక్టర్లు చెప్పి రికార్డు చేసిన మాటలు విని టైపు చేసే పని) నేర్చుకుంటున్నాను. అమెరికా డాక్టర్ల డిక్టేషన్‌లో మందు పేరు స్పష్టంగా వినపడకపోతే ఊహించి రాయవచ్చా?

జవాబు: రాయకండి. ఆడియోను ఫుట్ పెడల్‌తో (కాలితో నొక్కే మీటతో) వెనక్కి జరిపి, వేగం కాస్త తగ్గించి, ఆ మాటకు ముందూ వెనుకా ఏ జబ్బు గురించి చెప్పారో శ్రద్ధగా వినండి. సెలెబ్రెక్స్, సెలెక్సా, సెరెబిక్స్ అనే పేర్లు చెవికి దాదాపు ఒకేలా తోచినా, మొదటిది కీళ్ల నొప్పులకు, రెండోది డిప్రెషన్‌కు, మూడోది మూర్ఛకు వాడే మందు కనుక, రోగ నిర్ధారణను బట్టి చాలాసార్లు సరైన పేరు దొరుకుతుంది. మోతాదుకు మాత్రం ఈ ఆధారం చాలదు. ‘ఫిఫ్టీన్’లో చివరి ధ్వని జారిపోతే 15 మిల్లీగ్రాములు 50 అవుతాయి, ఆ పొరపాటును భరించవలసింది రోగి. ఖాళీ వదిలితే తప్పు పడతారని కొత్తవారు భయపడతారు గానీ, ఊహించి నింపిన మాటను తర్వాత ఎవరూ అనుమానించరు కాబట్టి అదే ఎక్కువ ప్రమాదం. ఖాళీ ఉంచి, ఆడియోలో ఆ మాట వచ్చే నిమిషం, సెకను, మీకు వినపడిన ధ్వని రాసి ఎడిటర్‌కు పంపండి.