ఎక్స్ఛేంజ్ 2016 అలాగే ఉంచి, కింద విండోస్ ఒక్కటే మార్చొచ్చా?

అమీర్‌పేటలో మీ ఆఫీసు మెయిల్ సర్వర్ విండోస్ సర్వర్ 2012 ఆర్2 మీద ఎక్స్ఛేంజ్ 2016 (మైక్రోసాఫ్ట్ మెయిల్ సాఫ్ట్‌వేర్)తో నడుస్తోంది, విండోస్‌ని మాత్రం 2022కి అప్‌గ్రేడ్ చేయొచ్చా అని కదా మీ ప్రశ్న. వద్దండి. ఎక్స్ఛేంజ్ ఉన్న మెషీన్‌లో విండోస్ వెర్షన్ మార్చడాన్ని మైక్రోసాఫ్ట్ సపోర్ట్ చేయదు, పైగా ఎక్స్ఛేంజ్ 2016కి విండోస్ సర్వర్ 2016యే ఆఖరు, 2019 కూడా పనికిరాదు.

పక్కనే కొత్త సర్వర్ పెట్టి మెయిల్‌బాక్సులు అందులోకి తరలించడమే దారి. ఎక్స్ఛేంజ్ 2016, 2019 రెండింటికీ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది కాబట్టి, విండోస్ 2022 లేదా 2025 మీద నేరుగా ఎక్స్ఛేంజ్ కొత్త వెర్షన్ అయిన సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్ వేసుకోండి. దానికి ముందు పాత ఎక్స్ఛేంజ్ సీయూ23 (23వ క్యుములేటివ్ అప్‌డేట్)కి రావాలి, యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసు యూజర్లు, కంప్యూటర్ల వివరాలుండే విండోస్ డైరెక్టరీ) ఫారెస్ట్ ఫంక్షనల్ లెవెల్ కనీసం విండోస్ సర్వర్ 2012 ఆర్2 ఉండాలి.

మెయిల్‌బాక్స్ కదులుతున్నంతసేపూ మనుషులు పని చేసుకోవచ్చు. మూవ్ రిక్వెస్ట్‌ని (మెయిల్‌బాక్స్ తరలించే పనిని) 95 శాతం దగ్గర ఆపే ఆప్షన్ ఉంది, సోమవారం మొదలుపెట్టి శనివారం రాత్రి పూర్తి చేసుకుంటే "ఔట్‌లుక్ మూసి మళ్లీ తెరవండి" అనే మెసేజ్ చూసి ఎవరూ మీకు ఫోన్ చేయరు. ఈలోగా కొత్త సర్వర్‌లో లాగ్ ఫైళ్లు డిస్క్‌ని నింపేస్తాయి, బ్యాకప్ అయితేనే అవి తొలగుతాయి కాబట్టి అది నడుస్తోందో లేదో చూస్తుండండి.

చాలామంది మరిచేది ఆర్బిట్రేషన్ మెయిల్‌బాక్సులు, అంటే ఎక్స్ఛేంజ్ తన సొంత పనులకు వాడుకునే సిస్టమ్ మెయిల్‌బాక్సులు. అవి కదలకపోతే పాత ఎక్స్ఛేంజ్ అన్‌ఇన్‌స్టాల్ కాదు. విసుగొచ్చి మెషీన్ ఆపేసి వదిలేయకండి, యాక్టివ్ డైరెక్టరీలో దాని పేరు అలాగే మిగిలిపోతుంది. పాత ఐపీకి మెయిల్ పంపే స్కానర్లు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఏమున్నాయో కూడా ముందే వెతికి పెట్టుకోండి.