రెండో తాళంచెవి లేకపోతే బీమా డబ్బు రాదా?

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. 2022లో గుంటూరులో ఒకరి దగ్గర పాత కారు కొన్నాను. ఆయన ఒక్క తాళంచెవే ఇచ్చారు, రెండోది ఎప్పుడో పోయిందన్నారు. నెల క్రితం ఇంటి ముందు పెట్టిన కారు తెల్లవారేసరికి లేదు. అదే రోజు పోలీసులకు, బీమా కంపెనీకి తెలియజేశాను. రెండు తాళంచెవులూ ఇస్తేనే క్లెయిము చూస్తామంటున్నారు. బీసెంట్ రోడ్డులో ఒకటి చేయించి ఇచ్చేయమని మా బావమరిది సలహా. ఇవ్వవచ్చా?

జవాబు: వద్దు. మీ బావమరిది మీ మంచి కోరే చెప్పి ఉంటారు కానీ, ఆ పని చేస్తే నిజమైన క్లెయిము కూడా అబద్ధమైపోతుంది. ఏళ్ల తరబడి జేబులో చిల్లరతో రాసుకున్న తాళంచెవికీ, నిన్న కోసినదానికీ తేడా చూడగానే తెలుస్తుంది. కంపెనీలు వాటిని పరీక్షకు కూడా పంపుతాయి. పైగా ఇమ్మొబిలైజర్ ఉన్న కారైతే తాళంచెవిలోని చిప్ సంకేతం కారుతో సరిపోలితేనే ఇంజను కదులుతుంది. కొత్తదాన్ని జత చేయాలంటే సాధారణంగా కారు ఎదురుగా ఉండాలి. అదే పోయింది కదా!

ఉన్నది ఉన్నట్లు రాసి, ఉన్న ఒక్క తాళంచెవినే ఇవ్వండి. నోటరీ అఫిడవిట్ జతపరచండి. గుంటూరు ఆయన చేత రెండో తాళంచెవి ఇవ్వలేదని రాయించుకోండి. అమ్మకం నాటి ఫోను సందేశాలుంటే ఇంకా మంచిది.

రెండు తాళంచెవులూ ఇచ్చి తీరాలని చట్టం ఏదీ చెప్పదు. బండిని తగిన జాగ్రత్తతో కాపాడుకోవాలన్న పాలసీ షరతునే కంపెనీ పట్టుకుంటుంది. పోయిన తాళంచెవి సంకేతాన్ని సర్వీసు సెంటర్‌లో తీసేయించలేదేమని అడుగుతుంది. ఆ ప్రశ్నలో కొంత న్యాయముంది, కాదనను. అయినా 2023లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో డ్రైవరు చిరునామా అడగడానికి దిగుతూ తాళంచెవిని లారీలోనే వదిలేశాడు. అలా దొంగలపాలైన లారీకే క్లెయిములో 75 శాతం ఇప్పించారు. మీ తప్పు అంతకన్నా చిన్నది.

పాలసీ మీ పేరు మీదే ఉందా? మీరు రాయలేదు. ఇంకా పాత యజమాని పేరుతోనే నడుస్తుంటే తాళంచెవి కన్నా పెద్ద చిక్కు అదే. వెంటనే చూసుకోండి.

క్లెయిము నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ముందుగా కంపెనీకే అభ్యంతరం రాసి, దారికి రాకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా ఫిర్యాదు చేయవచ్చు, ఫీజు లేదు. లేదా రెండేళ్లలోగా విజయవాడలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. దొంగ దొరకలేదని పోలీసులు ఇచ్చే తుది నివేదిక ఎక్కడికి వెళ్లినా అడుగుతారు, దాని కోసం స్టేషన్ చుట్టూ తిరగక తప్పదు.

తాళంచెవి అప్పగించే ముందు రెండు వైపులా ఫోటో తీయండి. రసీదులో ‘ఒకటి మాత్రమే’ అని రాయించుకోకుండా కౌంటరు వదలకండి.