కీళ్లవాతానికి పాలియేటివ్ కేర్ అంటే చివరి దశ వచ్చినట్టేనా?

కాదు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ వంటి వాపుతో కూడిన కీళ్లవాతంలో పాలియేటివ్ కేర్‌ను, అంటే ఉపశమన సేవలను, ఏ దశలోనైనా అసలు చికిత్సతో పాటే తీసుకోవచ్చు.

రోగనిరోధక వ్యవస్థ పొరపాటున కీళ్ల లోపలి పొరపై దాడి చేయడం వల్ల ఈ జబ్బు వస్తుంది. మెథోట్రెక్సేట్ వంటి మందులు ఆ దాడిని తగ్గిస్తాయి, కానీ వాటి ప్రభావం కనిపించడానికి సాధారణంగా 6 నుంచి 12 వారాలు పడుతుంది. వాపు తగ్గాక కూడా కొందరిలో నొప్పి, అలసట, నిద్రలేమి, దిగులు మిగిలిపోతాయి. ఏళ్ల తరబడి నొప్పికి అలవాటుపడిన నాడీవ్యవస్థ చిన్న తాకిడికీ అతిగా స్పందించడం అందుకు ఒక కారణం. రక్తపరీక్ష బాగానే ఉంది కదా అని ఆ బాధను కొట్టిపారేయడం అన్యాయం.

ఉదాహరణకు, వాపు అదుపులో ఉన్నా పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకోలేని మనిషికి మందు మోతాదు పెంచితే ఒరిగేది తక్కువ. మణికట్టుకు ఆసరాపట్టీ, లావు పిడి ఉన్న చెంచా, వేళ్ల వ్యాయామం, పనిని విడతలుగా చేసుకోవడం అతనికి ఎక్కువ అక్కరకొస్తాయి.

ఉపశమనమంటే మార్ఫిన్, అంటే నల్లమందు జాతికి చెందిన బలమైన నొప్పి మందు, అనుకోవడం ఇంకో అపోహ. ఈ నొప్పికి అలాంటి మందులు మామూలుగా వాడరు. ఉపశమన సేవలు మొదలయ్యాయని అసలు మందులు మానేస్తే మాత్రం కీళ్లు దెబ్బతిని వంకరపోవచ్చు.