గాయాల సంరక్షణ మీద పుస్తకం రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నీ రాతప్రతి అందింది. ఒకసారి ఊరికే చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. విలేజ్ హెల్త్ క్లినిక్కుల్లో పనిచేసే సీహెచ్‌ఓలకీ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు) ఏఎన్ఎంలకీ (ఊళ్ళో తిరిగే నర్సులు) పుండ్లు, గాయాలు చూసుకునే పద్ధతి మీద తెలుగులో ఒక పుస్తకం రావాలని నాకు ఎప్పట్నించో ఉంది, నర్సింగ్ స్కూల్లో చెప్పినన్నాళ్ళూ పిల్లలకి నోట్సు తెలుగులోనే రాసిచ్చేదాన్ని, అందుకే నువ్వు పూనుకున్నావని తెలియగానే ప్రాణం లేచొచ్చింది. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నా.

మొదటి చాప్టర్ తీసి వెనక పెట్టు. హైడ్రోకొల్లాయిడ్, ఆల్జినేట్, ఫోమ్, సిల్వర్ అని డ్రెస్సింగుల రకాలతో మొదలుపెట్టావు, అవి తప్పని అనను, కానీ ఈ పుస్తకం చదివే అమ్మాయి ఉదయగిరి అవతలో కనిగిరి పక్కనో ఉంటుంది, ఆమె బీరువాలో గాజుగుడ్డ, దూది, సెలైన్ బాటిల్, బీటాడిన్, ప్లాస్టర్, మహా అయితే ఒక ఆయింట్‌మెంట్ ఉంటాయి. లేనివాటి గురించి పది పేజీలు చదివితే ఇది నాకు కాదులే అని పక్కన పడేస్తుంది. ఆమెకి ముందు కావాల్సింది చూడటం. పుండుని ఎట్లా చూడాలో నేర్పించు, కట్టు సంగతి ఆ తర్వాత. నీ పుస్తకం మొత్తానికి నేను చెప్పేది ఇదొక్కటే, కింద రాసిందంతా దాని గురించే.

పాత కట్టు విప్పే దగ్గర్నించి మొదలుపెట్టు. చేతులు కడుక్కుని గ్లౌజు వేసుకుంది, విప్పుతోంది, లోపల గాజుగుడ్డ పుండుకి అంటుకుపోయింది. చాలామంది ఇక్కడే ఒక్క లాగు లాగుతారు, పేషెంటు కెవ్వుమంటాడు, కొత్తగా వస్తున్న కండ గుడ్డతోపాటు ఊడి నెత్తురు కారుతుంది, అంటే వారం రోజులు ఒళ్ళు కష్టపడి కట్టుకున్నది మనం ఒక్క నిమిషంలో పీకేసినట్టు. సెలైన్ పోసి, నానేదాకా ఆగి, అంచుల నించి నిదానంగా తీయమని రాయి. తీసిన గుడ్డని పసుపు సంచిలో వేసే ముందు ఒక్కసారి దాన్ని చూడమని రాయి, ఎంత తడిసింది, ఏ రంగు, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏంది అని. వాసన మాత్రం సెలైన్‌తో కడిగాక చూడాలి, కడగకముందు వచ్చే వాసన చాలాసార్లు పాత గుడ్డదే.

కడిగాక లోపల కనపడేది ఏంటో చెప్పు. గ్రాన్యులేషన్, అంటే కొత్తగా వస్తున్న కండ, బాగా ఎర్రగా, తడిగా, దానిమ్మ గింజలు పరిచినట్టు ఉంటుందని రాస్తే ఒక్కసారికే గుర్తుపడుతుంది. స్లఫ్, అంటే చచ్చి మెత్తబడ్డ కణజాలం, అయితే పసుపుగా, జిగటగా, అంటుకుని తుడిస్తే రాకుండా ఉంటుంది, దాన్ని చీము అనుకుని యాంటీబయాటిక్ మొదలుపెట్టే వాళ్ళున్నారు, కాబట్టి ఆ తేడా మీద ఒక పేజీ ఖర్చుపెట్టినా నష్టం లేదు. నల్లగా గట్టిగా ఉన్నది చచ్చిన కండ. అంచులు లోపలికి ముడుచుకున్నాయా, అంచు కింద బోలుగా ఉందా, చుట్టూ చర్మం తడికి తెల్లగా నాని ఉందా, ఇవన్నీ కూడా చూడాలి. 2003లో వచ్చిన టైమ్ (TIME) పద్ధతి, టిష్యూ, ఇన్ఫెక్షన్, మాయిశ్చర్, ఎడ్జ్, దాన్ని నువ్వు పట్టికలో పెట్టావు, పట్టిక పరీక్షకి బట్టీ పట్టడానికి పనికొస్తుంది. అదే నాలుగింటినీ ఒక పేషెంటు కాలి మీద వరసగా చూపిస్తూ రాస్తే చేతికి అలవాటవుతుంది.

చూసింది రాసిపెట్టడం కూడా నేర్పాలి. మన కేసు షీట్లలో ఏముంటుందో నీకూ తెలుసు, 'డ్రెస్సింగ్ చేశాం, గాయం బాగుంది', అంతే. నీ పుస్తకంలో దాని పక్కనే ఇంకోటి రాసి చూపించు: 'కుడి మడమ, పొడవు 4 సెం.మీ, వెడల్పు 3 సెం.మీ, లోతు అర సెం.మీ, సగం ఎర్ర కండ, సగం పసుపు స్లఫ్, గుడ్డ కొద్దిగా తడిసింది, వాసన లేదు, చుట్టూ చర్మం వెచ్చగా లేదు.' పొడవు ఎప్పుడూ తల నించి కాళ్ళ వైపు, వెడల్పు దానికి అడ్డంగా, లోతు స్టెరైల్ స్వాబ్ పుల్లతో, ప్రతిసారీ పేషెంటుని ఒకే తీరుగా పడుకోబెట్టి కొలవాలి. ఇంత చాదస్తం ఎందుకంటావేమో, షుగర్ ఉన్నవాళ్ళ కాలి పుండు సరైన వైద్యం జరుగుతూ కూడా నాలుగు వారాల్లో దాదాపు సగానికి తగ్గకపోతే ఏదో తేడా ఉందని, మళ్ళీ మొదట్నించి చూడాలని అర్థం, రక్తప్రసరణా, ఇన్ఫెక్షనా, ఎముకకి పాకిందా, దాని మీదే నడుస్తున్నాడా అని. మొదటి రోజు కొలత లేకపోతే సగం తగ్గిందని ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు నాకు బాగా పట్టింపున్న సంగతి. పడకపుండ్ల చాప్టర్లో మొదటి దశని 'చర్మం ఎర్రగా మారుతుంది, వేలితో నొక్కితే తెల్లబడదు' అని రాశావు. ఆ పుస్తకాలు రాసినవాళ్ళు తెల్లటి చర్మం చూసి రాశారు తల్లీ. మన రొయ్యల గుంటల మీదా పొగాకు చేలల్లోనూ ఎండకి మాడిన ఒంటి మీద ఎరుపు కనపడదు, చుట్టుపక్కల కంటే ఇంకాస్త నల్లగానో నీలంగానో ఉంటుంది, ఒక్కోసారి రంగులో తేడానే తెలీదు. అందుకని చేత్తో చూడమని రాయి, పక్క చర్మం కంటే వెచ్చగా ఉందా, చల్లగా ఉందా, గట్టిగా ఉందా, మెత్తబడిందా, ఆడ నొప్పుందా. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ పెద్దాయనకి ముడ్డిపూస దగ్గర ఎర్రబడలేదుగా అని వదిలేస్తే లోపల కండ కుళ్ళి ఉన్నట్టుండి ఒకరోజు గుంట పడుతుంది, ఇంట్లోవాళ్ళు రాత్రికి రాత్రి వచ్చిందంటారు. ఇది పుస్తకంలో లావు అక్షరాల్లో ఉండాలి. ఇంకా ఏందంటే, నల్లబడ్డ చోట కొబ్బరినూనె పెట్టి మర్దన చేయడం, గాలి నింపిన రింగు మీద కూర్చోబెట్టడం, మడమ కింద నీళ్ళు నింపిన గ్లౌజు పెట్టడం, ఈ మూడూ మన దగ్గర ఇప్పటికీ నడుస్తున్నాయి, మూడూ వద్దని రాయి. మడమ గాల్లో ఉండేలా పిక్క కింద దిండు పెట్టాలి. ఎయిర్ బెడ్ కొన్నా సరే పక్కకి తిప్పడం మానకూడదు.

షుగర్ కాళ్ళ చాప్టర్ బాగా రాశావు, దానికి సర్జన్ పాల్ బ్రాండ్ గారి సంగతి చేర్చు. ఆయన పనిచేసింది మనకి దగ్గర్లో ఉన్న వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రిలోనే, 1946లో వచ్చారు. కుష్ఠు రోగుల కాళ్ళు రోగం వల్ల వాటంతటవే కుళ్ళిపోతున్నాయని అంతా అనుకునే రోజుల్లో, స్పర్శ పోయింది కాబట్టి దెబ్బ తగిలినా తెలీక దాని మీదే నడుస్తున్నారు, అందుకే పుండు పడుతోందని ఆయన తేల్చారు, పిండికట్టు వేసి బరువు పడకుండా చూస్తే అవే పుండ్లు మానాయి, ఆ తర్వాత అమెరికా వెళ్ళి కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రిలో అదే పద్ధతి షుగర్ పేషెంట్లకి వాడారు. ఈ కథ చదివిన నర్సు జన్మలో మర్చిపోదు, ఎంత ఖరీదైన కట్టు కట్టినా అదే పుండు మీద నడిచి ఇంటికి పోతే ఫలితం లేదని.

స్పర్శ పరీక్షకి 10 గ్రాముల మోనోఫిలమెంట్ (కాలికి ఆనించి చూసే నైలాన్ పోగు) వాడమని రాశావు, మంచిదే, అది లేనిచోట ఏం చేయాలో కూడా రాయి. పేషెంటుని కళ్ళు మూసుకోమని, రెండు కాళ్ళకీ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు చివర మన వేలితో ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకడమే, నొక్కకూడదు, ఆరు చోట్లలో రెండు చోట్ల తెలియకపోతే స్పర్శ తగ్గినట్టు లెక్క. దీనికి పైసా ఖర్చు లేదు. ఎండాకాలంలో ఇది మరీ ముఖ్యం, పెంచలకోన నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు వైశాఖంలో వస్తాయి, చెప్పుల్లేకుండా బండల మీద నడిచి అరికాళ్ళు బొబ్బలెక్కినా తెలియని వాళ్ళుంటారు, వాళ్ళకి ముందే చెప్పగలిగేది ఆ ఊరి ఏఎన్ఎం ఒక్కతే.

'పుండుకి గాలి తగలాలి, ఎండాలి' అనే మాట నీ పుస్తకం చదివే నర్సుల ఇళ్ళలో కూడా వినపడుతుంది. 'తేమ గాయ సంరక్షణ శ్రేష్ఠం' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే వాళ్ళు నమ్మరు. 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చేసిన ప్రయోగం చెప్పు, పైపై గాయాలు చేసి కొన్నిటికి పాలిథీన్ పొర కప్పారు, కొన్నిటిని గాలికి వదిలేశారు, కప్పినవాటి మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంది, ఎందుకంటే చెక్కు కట్టినప్పుడు కొత్త చర్మం ఆ ఎండిన చెక్కు కింద దారి వెతుక్కుంటూ పాకాలి. కారణం తెలిస్తే మనిషి మారతాడు. అదే పేజీలో మినహాయింపు కూడా ఉండాలి సుమా, రక్తప్రసరణ లేని కాలి వేలు ఎండి నల్లబడినా, మడమ మీద నల్ల పెచ్చు గట్టిగా, పొడిగా, చీము లేకుండా అంటుకుని ఉన్నా దాన్ని తడపకూడదు, కోయకూడదు, పొడిగా ఉంచి పెద్దాసుపత్రికి పంపాలి. ఈ మినహాయింపు రాయకపోతే నీ పుస్తకం వల్లే ఒకరి కాలు పోవచ్చు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూసి శుభ్రమైందనుకుంటారు, అది రోజూ పోస్తే కొత్త కణాలు కూడా చస్తాయి, రోజువారీ కడగడానికి సెలైన్ చాలు, లేకపోతే తాగే నీళ్ళు. బీటాడిన్‌ని ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కొన్నాళ్ళకి పరిమితం చేయమను. ధనుర్వాతం టీకాని టీటీ అని రాసిన చోటల్లా టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా రెంటికీ కలిపి ఇచ్చేది) అని దిద్దు, ఇప్పుడు ఇచ్చేది అదే. కుక్క కాటుకి సబ్బు, ధార నీళ్ళతో 15 నిమిషాలు కడగాలన్నది ఫుట్‌నోట్‌లో వేశావు, పైకి తీసుకురా.

పత్యం గురించి ఒక్క మాట కూడా లేదేంది? పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వద్దు, చేప వద్దు, వంకాయ వద్దు అని కాలు కోసి కుట్లేసిన మనిషికి కారం మెతుకులు పెట్టే ఇళ్ళు నెల్లూరు చేపల మార్కెట్టు పక్క వీధిలో కూడా ఉన్నాయి. కొత్త కండ పుట్టేది మాంసకృత్తుల్లోంచే, పడకపుండు ఉన్న మనిషికి కిలో బరువుకి రోజుకి 1.25 నించి 1.5 గ్రాముల దాకా కావాలి, కిడ్నీ జబ్బున్న వాళ్ళకైతే డాక్టర్ని అడిగి. దీన్ని అత్తగారితో గొడవ పడకుండా ఎట్లా చెప్పాలో కూడా రాయి, ఎందుకంటే వండేది ఆమె. పప్పు వద్దంటే పెరుగు, గుడ్డు వద్దంటే పాలు, వేరుశనగలు, ఏదో ఒకటి ఒప్పించే దారి చూపించు. ఇది నీ చేతి మీద బాగా పలుకుతుంది, నువ్వు పల్లెలో పుట్టిన పిల్లవి.

మన నెల్లూరు జిల్లాకి తప్పకుండా కావాల్సిన ఇంకో చాప్టర్ ఉంది, ఉప్పునీటి గాయాలు. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల్లో దిగిన కూలీకి కాలికి గుల్ల కోసుకుంటుంది, చిన్న గీతే, పొద్దున కోసుకుంటే సాయంత్రానికి మోకాలి దాకా వాపు, గాయం చూస్తే ఇంతే, నొప్పి మాత్రం భరించలేనంత, చర్మం మీద ఊదారంగు బొబ్బలు, జ్వరం. ఉప్పునీళ్ళలో ఉండే విబ్రియో జాతి బ్యాక్టీరియా వల్ల ఇట్లా అవుతుంది, లివర్ చెడినవాళ్ళకీ షుగర్ ఉన్నవాళ్ళకీ ప్రాణం మీదకి వస్తుంది. కట్టు కట్టి రేపు రమ్మనడానికి వీల్లేదు, వెంటనే 108 పిలిచి నెల్లూరు పంపాలి, 'ఉప్పునీళ్ళలో కోసుకుంది' అని రిఫరల్ చీటీ మీద రాయాలి, ఆ ఒక్క మాట చూస్తే అక్కడి డాక్టరు మందు ఎంచుకోవడం మారుతుంది. అట్లాగే పక్క ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు నలిగిన వేళ్ళ గురించి ఒకటి రెండు పేజీలు.

ఫోటోల సంగతి. పేషెంటు ఒప్పుకున్నాకే తీయాలి, మొహం రాకూడదు, పక్కన స్కేలు పెట్టాలి, వెలుతురు ఒకేలా ఉండాలి. కంపెనీ బ్రోచర్లలో ఫోటోలు మాత్రం వాడొద్దు, అందులో అన్నీ మానిపోయే పుండ్లే ఉంటాయి.

ముందు ఉప్పునీటి చాప్టర్ రాసి పంపు, మిగతాది నిదానంగా దిద్దుకోవచ్చు. నాకు పంపే ముందు గుంటల దగ్గర పనిచేసే ఏఎన్ఎం ఎవరైనా ఉంటే ఆమెకి చదివి వినిపించు, ఎక్కడ ఆగి 'అంటే ఏందక్కా' అని అడిగిందో ఆ వాక్యం పక్కన టిక్కు పెట్టుకో, ఆ టిక్కులతోనే నాకు పంపు, దిద్దొద్దు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఉంటాను.