అప్ నొక్కితే గుర్రుమని లేవని హాయిస్ట్: మోటారు విప్పే ముందు ఇవి చూడండి

మీరు రాసిందాన్ని బట్టి, 2 టన్నుల వైర్‌రోప్ హాయిస్ట్ (ఇనుప తాడుతో బరువులెత్తే యంత్రం) అప్ నొక్కితే గుర్రుమంటుంది గానీ లేవదు. డౌన్ మాత్రం బాగానే దిగుతుంది. లోడు గాల్లో ఉండగా అప్ నొక్కితే ఒకట్రెండుసార్లు జానెడు కిందికి జారింది కూడా. మోటారు రీవైండింగుకి (లోపలి తీగచుట్టలు మళ్ళీ చుట్టించడానికి) పంపాలా అని అడిగారు. ఇప్పుడే పంపకండి. అంతకంటే ముందు ఆ హుక్కు కిందికి ఎవరినీ రానివ్వకండి.

ఇదే లక్షణం నేను పనిలో చేరిన కొత్తలో జీడిమెట్లలోని ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో చూశాను. "జారుతోంది" అనగానే బ్రేకు అరిగిందనుకున్నాను. లైనరు (బ్రేకులో రాసుకునే పొర) మార్చి, ఎయిర్‌గ్యాప్ (బ్రేకు తెరుచుకునే సందు) సరిచేయడానికి పూటంతా పట్టింది. సాయంత్రం ప్లేటు ఎత్తి మధ్యలో ఆపి, మళ్ళీ అప్ నొక్కితే మళ్ళీ జారింది. అదృష్టం, కింద ఎవరూ లేరు. మా మేస్త్రీ వచ్చి నేరుగా అప్ కాంటాక్టరు (అప్ బటన్ నొక్కితే మోటారుకి కరెంటు కలిపే స్విచ్) విప్పారు. మూడు ఫేజుల్ని కలిపే మూడు పోల్స్‌లో మధ్యదాని టిప్పు (తాకి కరెంటు కలిపే కొన) కాలి మొండిగా మిగిలింది.

జరిగేది ఇది. ఒక పోల్ కలవకపోతే మోటారుకి రెండు ఫేజులే అందుతాయి. ఆగి ఉన్న మోటారు రెండు ఫేజులతో కదలదు, గుర్రుమంటుంది. బ్రేకు కాయిల్‌కి (కరెంటు అందితే బ్రేకును తెరిచే చుట్టకి) సప్లై మిగిలిన ఆ రెండు ఫేజుల నుంచే ఉంటే బ్రేకు మాత్రం తెరుచుకుంటుంది. పట్టే బ్రేకు లేదు, లాగే మోటారు లేదు. లోడు జారక ఏం చేస్తుంది?

డౌన్ బాగుందన్న మాటను కూడా ఒకసారి పరీక్షించండి. లోడుతో దిగితే అది సాక్ష్యం కాదు, బరువే మోటారుని తిప్పేస్తుంది. ఖాళీ హుక్కుతో నొక్కండి. ఖాళీగా కూడా డౌన్ సాఫీగా తిరిగి అప్ మాత్రమే గుర్రుమంటే మోటారు, బ్రేకు, మెయిన్ సప్లై మూడూ బాగున్నట్టే. లోపం దాదాపుగా అప్ కాంటాక్టరులోనో దాని వైర్లలోనో ఉంటుంది. రెండు వైపులా గుర్రుమంటే ఫ్యూజు, ఐసోలేటరు (మెయిన్ స్విచ్), ట్రాలీ కేబుల్ (హాయిస్టుతో పాటు కదిలే కేబుల్), ఆ తర్వాత బ్రేకు రెక్టిఫయరు (బ్రేకు కాయిల్‌కి ఏసీని డీసీగా మార్చేది) చూడాలి. రెక్టిఫయరు పోతే బ్రేకు తెరుచుకోదు, మోటారు దానితో పెనుగులాడి వేడెక్కుతుంది.

నియాన్ టెస్టరుని నమ్మకండి. తెగిన ఫేజులో కూడా వైండింగు గుండా వెనక్కి వచ్చే వోల్టేజీతో అది వెలుగుతుంది. టాంగ్ టెస్టరుతో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) మూడు ఫేజుల కరెంటు చూడండి, ఒకదానిలో సున్నా వస్తే దొరికినట్టే. బటన్ రెండు సెకన్లకు మించి పట్టుకోవద్దు, ఈ స్థితిలో వైండింగు త్వరగా కాలుతుంది. కాంటాక్టరు విప్పాలంటే లోడు నేల మీద ఉండాలి, మెయిన్ ఆఫ్ చేసి తాళం వేయాలి. కాలిన టిప్పుల్ని ఆకురాయితో రాసి మళ్ళీ పెట్టేవాళ్ళున్నారు, వారం కూడా ఆగదు. సెట్టు మొత్తం మార్చండి. బటన్‌ని టకటకా నొక్కి వదిలే అలవాటు మీ ఆపరేటరుకి ఉంటే అదీ మాన్పించాలి, టిప్పులు తినేది అదే.

ఒక హెచ్చరిక. రిపేరు తర్వాత వైర్లు కలిపేటప్పుడు ఫేజు తిరగబడితే డౌన్ నొక్కినప్పుడు హుక్కు పైకి పోతుంది. చాలా హాయిస్టుల్లో పై లిమిట్ స్విచ్ (హుక్కు పై హద్దుకి చేరగానే ఆపేది) అప్ కాంటాక్టరునే ఆపుతుంది కాబట్టి అప్పుడు అది కాపాడదు. హుక్కు రోప్ చుట్టుకునే డ్రమ్ముకి తగిలి రోప్ తెగవచ్చు. మొదటి ట్రయల్ ఎప్పుడూ ఖాళీ హుక్కుతో, అదీ సగం ఎత్తులో ఉంచి చేయండి. దిశ సరిగ్గా ఉందని తేలాక లిమిట్ దగ్గరికి మెల్లగా తీసుకెళ్ళి, ఆగుతోందో లేదో చూడండి.

మీది రిజిస్టరైన ఫ్యాక్టరీ అయితే ఇంకొకటి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 29 ప్రకారం ఎత్తే యంత్రాలను కనీసం 12 నెలలకోసారి అర్హత ఉన్న వ్యక్తి పూర్తిగా పరీక్షించాల్సి ఉండేది. మీ రిజిస్టరులో ఆ పరీక్ష చివరి తేదీ ఎప్పుడుందో చూసి, ఖాళీ హుక్కుతో నొక్కినప్పుడు ఏం తేలిందో నాకు రాయండి.