థెరపిస్ట్‌పై ఇష్టం పెరిగింది.. సెషన్లు మానేయాలా?

ప్రశ్న: నా వయసు 36. పెళ్లయింది, ఒక పాప ఉంది. ఆందోళన, డిప్రెషన్‌తో ఏడాదిగా వారానికోసారి సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్తున్నాను. సైకియాట్రిస్ట్ రాసిన ఎస్సిటాలోప్రామ్ మాత్రలు కూడా వాడుతున్నాను. చాలావరకు తేరుకున్నాను. ఈమధ్య ‘ఇన్ ట్రీట్‌మెంట్’ అనే అమెరికన్ సిరీస్ చూశాను. అందులో లారా అనే పేషెంట్ తన థెరపిస్ట్‌ను ప్రేమిస్తున్నానని మొదటి ఎపిసోడ్‌లోనే చెప్పేస్తుంది. నా మనసులో ఉన్నది ఆమె నోట విన్నట్టు అనిపించింది. సెషన్ ఉందంటే ఏ డ్రెస్ వేసుకోవాలా అని ముందురోజే ఆలోచిస్తున్నాను. ఆయనకూ నా మీద ఇష్టం ఉందేమోనని అనుమానం. సిగ్గుతో రెండు సెషన్లు ఎగ్గొట్టాను. మాత్రలు కూడా ఆపేద్దామనుకుంటున్నాను. నాలో ఏదైనా లోపం ఉందా? వేరే థెరపిస్ట్‌ను చూసుకోవాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీలో లోపమేమీ లేదు. మీరు తప్పు కూడా చేయలేదు. ముందు ఒక మాట: మాత్రలు ఈరోజు కూడా ఎప్పటిలాగే వేసుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

వారానికోసారి ఒక మనిషి మీ ఎదురుగా కూర్చుని, ఫోన్ వైపు చూడకుండా, తన గోడు చెప్పుకోకుండా, దాదాపు గంటసేపు మీ మాటే వింటున్నారు. పోయిన నెల మీరు యథాలాపంగా అన్న మాటను కూడా గుర్తుపెట్టుకుని అడుగుతున్నారు. ఇలాంటి శ్రద్ధ చాలామందికి జీవితంలో ఎప్పుడూ దొరకదు. దొరికినప్పుడు మనసు అటు మొగ్గడం సహజం. పైగా ఆయన గురించి మీకు తెలిసింది చాలా తక్కువ. ఆయన ఇంట్లో విసుక్కోవడం, మాట తప్పడం, అలిసిపోయి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకోవడం మీరు చూడలేదు. తెలియని ఆ భాగాన్ని మన మనసు తనకు కావలసినట్టు ఊహించుకుంటుంది. ఒకప్పుడు తండ్రి నుంచో, భర్త నుంచో ఆశించి దొరకనిది ఈయన దగ్గర ఉన్నట్టు తోస్తుంది. దీన్ని మేం ట్రాన్స్‌ఫరెన్స్ అంటాం. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1915లోనే దీని మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు. డాక్టర్ ఆ ప్రేమకు బదులివ్వకూడదని, అలాగని దాన్ని అణచుకోమని పేషెంట్‌కు చెప్పనూ కూడదని, చికిత్సలో భాగంగానే దాన్ని అర్థం చేసుకోవాలని ఆయన అభిప్రాయం. ఆయన చెప్పిన చాలా విషయాలను ఇవాళ ఎవరూ ఒప్పుకోరు కానీ, ఈ సలహా మాత్రం నేటికీ పనికొస్తోంది.

ఇక ఆ సిరీస్ సంగతి. ఇజ్రాయెల్‌లో వచ్చిన ‘బెటిపుల్’ ఆధారంగా దాన్ని తీశారు. 2008లో హెచ్‌బీఓలో మొదలైంది. థెరపిస్ట్ డాక్టర్ పాల్ వెస్టన్‌గా గేబ్రియల్ బర్న్ నటించారు. మొదటి సీజన్‌లో సోమవారం లారా, మంగళవారం యుద్ధ పైలట్ అలెక్స్, బుధవారం జిమ్నాస్ట్ సోఫీ, గురువారం ఒక జంట. శుక్రవారం మాత్రం పాల్ తానే ఒకప్పటి తన గురువు జీనా దగ్గరికి వెళ్లి కూర్చుంటాడు. నాకు ఆ సిరీస్‌లో అన్నిటికన్నా నచ్చినవి ఆ శుక్రవారాలే. థెరపిస్ట్‌కు కూడా మనసు చెదురుతుంది, అప్పుడు దాన్ని పేషెంట్ దగ్గర కాదు, మరో అనుభవజ్ఞుల దగ్గర విప్పి చెప్పుకోవాలి అన్న నిజాన్ని తెర మీద అంత వివరంగా చూపించడం అరుదు.

అయితే పాల్ ఆ హద్దును నిలబెట్టుకోలేకపోతాడు. కాపురం కూలిపోతున్న సమయంలో, లారా మీద తనకున్నది నిజమైన ప్రేమేనని జీనాతో వాదిస్తాడు. చివరికి లారా ఇంటిదాకా వెళ్తాడు. అక్కడ పానిక్ అటాక్ వచ్చి వెనుదిరుగుతాడు. ప్రేక్షకులుగా మనం అతని మీద జాలిపడతాం, వాళ్లిద్దరూ కలిస్తే బాగుండునని కూడా అనుకుంటాం. డాక్టర్‌గా మాత్రం నాకు అందులో కనిపించేది లారాకు జరిగిన నష్టమే. ప్రేమ దక్కలేదన్నది అటుంచండి, ఆమె తన బాధ చెప్పుకోవడానికి ఉన్న ఒకే ఒక్క చోటును పోగొట్టుకుంది. రెండో సీజన్‌లో ఏప్రిల్ అనే క్యాన్సర్ పేషెంట్ కీమోథెరపీకి ససేమిరా అంటే పాల్ తానే ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్తాడు. అది మంచి మనసుతో చేసిన పనే. కానీ హద్దులు దాటడం తరచూ ఇలా మంచితనంతోనే మొదలవుతుంది, అందుకే కనిపెట్టడం కష్టం.

ఈ విషయంలో అమెరికాలో నియమాలు చాలా కఠినంగా ఉన్నాయి. చికిత్సలో ఉన్నవారితో లైంగిక సంబంధాన్ని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పూర్తిగా నిషేధించింది. చికిత్స ముగిశాక కూడా కనీసం 2 ఏళ్ల నిషేధం ఉంది, ఆ తర్వాతైనా అత్యంత అసాధారణ పరిస్థితుల్లో తప్ప కూడదంటుంది. సైకియాట్రిస్టుల సంఘమైతే మాజీ పేషెంట్ల విషయంలో కూడా ఎప్పటికీ కుదరదని తేల్చేసింది. పేషెంట్ ఇష్టపడినా సరే, బాధ్యత మొత్తం థెరపిస్ట్‌దే.

మీరు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. మానేయకండి. వెళ్లి చెప్పండి. మీరు దాచుకున్న కొద్దీ సెషన్‌లో మిగతా మాటలు కూడా పొడిపొడిగా మారతాయి. ఆయనకు నచ్చేలా మాట్లాడటం, బాగున్నట్టు కనిపించడం మొదలవుతుంది. డ్రెస్ గురించి ముందురోజే ఆలోచిస్తున్నానని మీరు రాశారు చూడండి, ఆ ఒక్క వాక్యంలోనే మీ చికిత్సకు అవసరమైనది ఎంతో ఉంది. ఎదుటివారికి నచ్చితేనే వాళ్లు నన్ను పట్టించుకుంటారన్న భయం మీకు ఎక్కడి నుంచి వచ్చింది? దాన్ని ఆయనతో కలిసి వెతకాలి.

చాలామంది ఇలాంటి మాటను సెషన్ అయిపోయి, లేచి తలుపు దాకా వెళ్లాక అంటారు. అప్పుడు మాట్లాడుకోవడానికి సమయం ఉండదు, వారమంతా నలిగిపోతారు. అందుకే కూర్చోగానే చెప్పేయండి. “ఒక విషయం చెప్పాలి, చాలా సిగ్గుగా ఉంది. మీ మీద నాకు ఇష్టం పెరిగింది. అందుకే రెండుసార్లు రాలేదు” అంటే చాలు. నోరు పెగలకపోతే కాగితం మీద రాసుకెళ్లి చదవండి.

మంచి థెరపిస్ట్ నవ్వరు, కంగారుపడరు, వెంటనే వేరే వాళ్ల దగ్గరికి పంపేయరు. చెప్పినందుకు మెచ్చుకుంటారు. తమ మధ్య చికిత్స తప్ప మరో సంబంధం ఉండదని మర్యాదగా, స్పష్టంగా చెబుతారు. ఆ మాటకు మీ మనసు చివుక్కుమంటుంది. ఆ బాధ గురించి కూడా అక్కడే మాట్లాడొచ్చు. సీబీటీ (ఇప్పటి ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే చికిత్స) పద్ధతిలో పనిచేసేవారు పాల్‌లా బాల్యంలోకి అంత లోతుగా వెళ్లకపోవచ్చు. అయినా ఈ విషయాన్ని పక్కకు నెట్టేయకూడదు.

ఆయనకూ ఇష్టం ఉందేమో అన్నారు. శ్రద్ధగా వినడం, ఆప్యాయంగా పలకరించడం, మీ సంగతులు గుర్తుపెట్టుకోవడం ఆయన వృత్తి. వాటిని ఆధారంగా తీసుకోకండి. కానీ ఆయన వేళకాని వేళ సొంత మెసేజ్‌లు పంపుతున్నారా, బయట కలుద్దామంటున్నారా, తన దాంపత్యంలోని గొడవలు మీకు చెప్పుకుంటున్నారా, ఇది మనిద్దరి మధ్యే ఉండాలంటున్నారా, అనవసరంగా తాకుతున్నారా? వీటిలో ఒక్కటి జరిగినా కథ వేరు. ఇక ఆయన దగ్గరికి వెళ్లొద్దు. మీకు మందులు రాస్తున్న సైకియాట్రిస్ట్‌కు జరిగింది జరిగినట్టు చెప్పి, వేరే థెరపిస్ట్‌ను సూచించమనండి. ఆయనపై ఫిర్యాదు చేసే హక్కు కూడా మీకుంది. మీరు ముందుగా ఇష్టపడ్డారన్న కారణంతో ఆ తప్పు మీది అయిపోదు.

ఇవేవీ లేకపోయినా, చెప్పిన తర్వాత కొన్ని వారాలు గడిచినా మీ ధ్యాస ఆయన మీదే ఉండి చికిత్స ముందుకు సాగకపోతే మారొచ్చు. ఇద్దరూ మాట్లాడుకుని, ఒకటి రెండు సెషన్లలో ముగింపు చెప్పుకుని మారండి. చెప్పాపెట్టకుండా మాయమైతే అదే ఇష్టం, అదే సిగ్గు కొత్త గదిలోకీ మీ వెంటే వస్తాయి. మీ భర్తకు ఇప్పుడే చెప్పాలన్న తొందరేమీ లేదు. ముందు మీకు స్పష్టత రానివ్వండి.

మాత్రల విషయం. ఎస్సిటాలోప్రామ్‌ను ఒక్కసారిగా ఆపేస్తే కొద్దిరోజుల్లోనే తల తిరగడం, వికారం, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు జిల్లుమనడం, చిరాకు, కలత నిద్ర మొదలవ్వొచ్చు. డిప్రెషన్ తిరగబెట్టే ప్రమాదమూ ఉంది. సాధారణంగా బాగా తేరుకున్నాక కూడా కనీసం 6 నెలలు కొనసాగించి, ఆ తర్వాత డాక్టర్ పర్యవేక్షణలో వారాలు, ఒక్కోసారి నెలల తరబడి మోతాదు తగ్గిస్తూ ఆపుతాం. ఇప్పటికే కొన్ని రోజులు మానేసి ఉంటే మీ సైకియాట్రిస్ట్‌కు ఫోన్ చేసి ఎలా మొదలుపెట్టాలో కనుక్కోండి. ఈ మధ్యలో బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం వచ్చే వారం అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఇంట్లోవారికి చెప్పి అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.