మిలిటరీ మాస్టారి సభలో ఎవరూ చెప్పని సంగతులు

"మా ఊళ్లో ఒక పెద్దాయన పోయారు. యుద్ధంలో పనిచేశారు, టీచరుగా రిటైరయ్యారు, చివరిదాకా కొట్టు నడిపారు. సంతాప సభలో నన్ను మాట్లాడమన్నారు, ఏం చెప్పాలి?" అని ఒకరు నన్ను అడిగారు.

యుద్ధం గురించి తక్కువ చెప్పండి. నా సలహా అంతే.

మా మిలిటరీ మాస్టారు పోయినప్పుడు మైకు పట్టుకున్న ప్రతివాళ్లూ 1971, ఢాకా, 93,000 మంది పాకిస్తానీలు లొంగిపోవడం అంటూ ఊగిపోయారు. ఆయన ఢాకా దరిదాపులకు కూడా వెళ్లలేదు. సైన్యంలోని ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో ఉండేవారు, పడమటి సరిహద్దున, పాకిస్తాన్‌లోని షకర్‌గఢ్ వైపు. బసంతర్ నది దగ్గర మన ట్యాంకులు దాటడానికి మందుపాతరలు తీసి దారి చేసింది సాపర్లే. ఆ పోరులోనే డిసెంబర్ 16న ట్యాంకు దళం అధికారి అరుణ్ ఖేత్రపాల్ 21 ఏళ్లకే ప్రాణమిచ్చాడు, పరమవీరచక్ర వచ్చింది. ఢాకాలో సంతకాలయింది కూడా ఆ రోజే, ఇక పడమర సంగతి ఎవరికి కావాలి? అటు కాల్పులు ఆగింది 17న. "మాకు ఆగిందెక్కడరా, మేం పాతినవన్నీ మళ్లీ మేమే తవ్వుకోవాలి కదా" అనేవారు మాస్టారు. అలా గెలుచుకున్న షకర్‌గఢ్ నేలను సిమ్లా ఒప్పందం తర్వాత 1972 చివర్లో వెనక్కిచ్చేశాం. దాని గురించి ఆయన ఒక్క మాటా అనలేదు. నాకే ఇప్పటికీ కడుపు మండుతుంది.

పదిహేనేళ్ల సర్వీసు చేసి వచ్చి, బీఈడీ చదివి, మాజీ సైనికుల కోటాలో మా హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేరారు. లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆ పీరియడూ ఈయనదే. ఎనిమిదో తరగతిలో అలాగే ఒకరోజు కోణాలు చెప్పాలి. పుస్తకం మూసి మమ్మల్ని లాంగ్ జంప్ గుంట దగ్గరికి తీసుకెళ్లారు. ముందే ఇసుకలో డబ్బా మూతలు పాతిపెట్టి ఉంచారట. తలా ఒక సైకిల్ పుల్ల ఇచ్చి, బోర్లా పడుకుని వెతకమన్నారు. నిటారుగా గుచ్చితే మూత పైభాగానికి తగులుతుంది, పాతర పేలేది పైనుంచి నొక్కితేనే. కాబట్టి 30 డిగ్రీల వాలులో, మెల్లగా, పక్క నుంచి తాకాలి. వాలు సరిగ్గా ఉందో లేదో మా పక్కన మోకాళ్ల మీద కూర్చుని కోణమానినితో కొలిచేవారు.

మాలో ఒకడికి ఓపిక లేదు. లేచి నడిచేశాడు, కాలి కింద మూత టక్కుమంది. మేమంతా నవ్వాం. మాస్టారు నవ్వలేదు. "నువ్వు పోయావు, అలాగే పడుకో" అన్నారు. వాడికి అటూ ఇటూ ఉన్న ఇద్దరినీ "మీరూ పోయారు" అన్నారు. వాళ్లేం చేశారు మాస్టారూ అని ఎవరో అడిగితే, "ఏమీ చెయ్యలేదు. వాడి పక్కనున్నారు" అని బెల్లు కొట్టేదాకా ముగ్గురినీ ఎండలో పడుకోబెట్టారు. మిగతావాళ్లం గుచ్చుతూనే ఉన్నాం. ఇప్పుడైతే తల్లిదండ్రులు స్కూలు మీదకొచ్చేవాళ్లు, ఎవరో వీడియో తీసి దేశభక్తి పాట తగిలించేవాళ్లు. కానీ లఘుకోణం అంటే ఏమిటో మా బ్యాచ్‌లో మర్చిపోయినవాడు ఒక్కడూ ఉండడు, పందెం.

రిటైరయ్యాక ఇంటి అరుగు మీదే కిరాణా కొట్టు పెట్టారు. రెండు పెన్షన్లుండగా కొట్టెందుకని ఊరంతా చెవులు కొరుక్కుంది. నన్నడిగితే ఆయన అసలు బడి అదే. చాక్లెట్‌కి వచ్చిన పిల్లాడు మిగిలిన చిల్లర ఎంతో తనే లెక్కగట్టి చెబితేగానీ చిల్లర చేతిలో పడేది కాదు. పొట్లం కట్టిన పేపర్లో వార్త కనబడితే అది ఏ రాష్ట్రమో చెప్పాలి. సరుకు కోసం వచ్చిన ఆడవాళ్లు విసుక్కునేవాళ్లు, అయినా అక్కడికే వచ్చేవాళ్లు.

ఇక వేరే రకం గిరాకీ ఒకటి. పండగ వస్తుందంటే చాలు, ఎన్నడూ పలకరించనివాళ్లు కూడా "మాస్టారూ, మిలిటరీ క్యాంటీన్ రమ్ము ఒక బాటిలు..." అంటూ చేరేవాళ్లు. మన ఊళ్లలో మాజీ సైనికుడికి దొరికే గౌరవంలో సగం ఆ బాటిలుదే. ఆయన ఎవరికీ ఇవ్వలేదు, అందుకే ఆయనకు పొగరన్న పేరొచ్చింది. అలా అన్నవాళ్లలో ఇద్దరు సభలో జెండా పట్టుకుని ముందు వరసలో నిలబడ్డారు. పెన్షన్ సంగతైతే చెప్పక్కర్లేదు. ఏటా నవంబర్‌లో బతికే ఉన్నానని రుజువు చేసుకోవాలి, అరిగిపోయిన వేళ్లకు మెషీన్‌లో ముద్ర పడదు, ఎదురుగా నిలబడ్డ మనిషిని కౌంటర్‌లో అబ్బాయి నమ్మడు.

దినకర్మ అయ్యాక వాళ్లబ్బాయి అరువు పుస్తకం తెరిచాడు. పాత విద్యార్థుల బాకీల దగ్గర పేర్లు లేవు. పదో తరగతి సంవత్సరం, రోల్ నంబరు, అంతే. పుస్తకం ఎవరి చేతిలో పడినా ఊళ్లో ఎవరి పరువూ పోకూడదని అలా రాసుకున్నారు. స్కూలు రిజిస్టరు చూస్తే తెలుసుకోవచ్చు కదా అన్నాను. వాళ్లబ్బాయి వద్దన్నాడు. నెల తిరిగేలోపు చాలామంది వాళ్లంతట వాళ్లే వచ్చి కట్టి వెళ్లారు. కట్టనివాళ్లూ ఉన్నారు, సభలో గట్టిగా ఏడ్చినవాళ్లలో ఒకరిద్దరు వాళ్లేనని నా అనుమానం.

మీ పెద్దాయన కొట్లో కూడా ఇలాంటి పుస్తకం ఉండే ఉంటుంది. ఆయన దగ్గర అరువు తెచ్చుకున్నవాళ్లను ముందు మాట్లాడించండి. ముఖ్య అతిథి ఎలాగూ ఆలస్యంగానే వస్తారు.